గృహ కంప్యూటరు, టెలివిజను తెర, తెలుగు అక్షరము : ఒక పరిశీలన

1. ప్రస్తావన

లిపి చరిత్రను పరిశీలించునపుడు మనము రాతిని, రాగిరేకును, తాటాకును, కాగితమును, సీసపు అచ్చును ఒకదాని వెంట నొకటిగా చర్చింతుము. వ్రాయు వస్తువు మాఱినపుడు అక్షరముయొక్క ఆకృతికూడ కొంత మాఱుట శాసనములను, తాళపత్రములను చదివినవారికి తెలిసిన విషయమే. ఈ వరుసలో చేర్పదగిన మఱియొక వస్తువు గాజు తెర. 1970 దశాబ్దమునుండి గృహ కంప్యూటరును టెలివిజను పెట్టెకు కలుపు ఆచారము ఏర్పడినది. దూరపు బొమ్మలను చూచుటకై పుట్టిన ఆ తెర ఇట్లు అక్షరములను చదువు ఫలకమైనది.

ఈ మార్పు తెలుగువంటి లిపులకు ఒక చిక్కు తెచ్చిపెట్టినది. తెరపై తెలుగు ఇముడకపోవుట చూచి, లోపము లిపియందే కలదనియు, వత్తులను విడదీసి లిపిని సులభము చేయవలెననియు తలచుటకు అవకాశము కలిగినది. ఈ తలంపు ఎంతవఱకు సమంజసము? తెరకు గల హద్దు ఏది, కంటికి గల హద్దు ఏది? ఈ రెంటిని వేఱుచేసి కొలతలతో నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

2. సంధానముయొక్క పూర్వచరిత్ర

టెలివిజను పెట్టెను ప్రసారములకే కాక ఇంటిలోని మఱియొక యంత్రమునకు తెరగా వాడవచ్చునను ఊహను 1966లో అమెరికాయందు రాల్ఫ్ బేర్ ప్రతిపాదించెను. దాని ఫలముగా 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీ అను ఆటయంత్రము విపణికి వచ్చినది. 1973 సెప్టెంబరులో 'రేడియో ఎలెక్ట్రానిక్స్' పత్రికలో డాన్ లాంకాస్టర్ 'టీవీ టైప్‌రైటర్' అను పరికరమును వివరించెను. అది పంక్తికి 32 అక్షరముల వంతున 16 పంక్తులను టెలివిజను తెరపై చూపగలిగినది. అందున్నవి రోమను పెద్దబడి అక్షరములు మాత్రమే; ఒక్కొక్క అక్షరము 5 చుక్కల వెడల్పు, 7 చుక్కల ఎత్తు గలది. ఆంగ్లభాషకే చిన్నబడి అక్షరములు లేని తెర అది యని ఇచట గుర్తింపవలెను.

తరువాత 1977లో ఆపిల్ 2, 1982లో కొమొడోర్ 64, అదే సంవత్సరమున ఇంగ్లండులో జడ్.ఎక్స్. స్పెక్ట్రమ్ వెలువడినవి. ఇవియన్నియు ఇంటిలోని టెలివిజను పెట్టెను తెరగా వాడుకొనుటకు వీలుగా నిర్మింపబడినవే. భారతదేశమున 1984-85లో ప్రారంభమైన 'క్లాస్' అను పాఠశాలా కంప్యూటరు విద్యా పథకమునందు బీ.బీ.సీ. మైక్రో అను బ్రిటిష్ యంత్రము ఎంపికయైనది. మన దేశమున టెలివిజను ప్రయోగాత్మక ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆరంభమై, రంగుల ప్రసారములు 1982లో వచ్చిన సంగతి ప్రసిద్ధము. కావున గృహ కంప్యూటరు, రంగుల టెలివిజను మన దేశమునకు ఇంచుమించు ఒకేకాలమున వచ్చినవని చెప్పవచ్చును.

ఈ యంత్రములను పెట్టెకు కలుపు విధానము కొంత విచిత్రమైనది. కంప్యూటరు తాను తయారుచేసిన చిత్రసంకేతమును ఒక రేడియో తరంగముపై ఎక్కించి, ఆకాశతంత్రి తగిలించు రంధ్రముద్వారా పెట్టెలోనికి పంపును. పెట్టె దానిని ఒక ప్రసారకేంద్రముగనే భావించి, ఎక్కించినదానిని మరల దింపి తెరపై చూపును. సంకేతమును సూటిగా పంపక ఇట్లు ఎక్కించి దింపుటకు కారణము కలదు. నాటి అనేక టెలివిజను పెట్టెలలో లోపలి లోహపు చట్రము గోడలోని విద్యుత్తుతో సంబంధము గలదియై యుండెను. బయటి తీగను సూటిగా లోపలికి కలుపుట ప్రాణాపాయము. ఆకాశతంత్రి రంధ్రమొక్కటే ఆ విద్యుత్తునుండి వేఱుచేయబడిన ద్వారము. స్పెక్ట్రమ్ యంత్రము యూ.హెచ్.ఎఫ్. పట్టీలోని 36వ ఛానలుపై తన చిత్రమును పంపును. వీ.హెచ్.ఎఫ్. పట్టీని మాత్రమే పట్టగల పెట్టె గలవానికి ఆ చిత్రము అందదు. యంత్రమును కొన్నవాడు మొదట తన పెట్టెయొక్క జాతిని తెలిసికొనవలసి వచ్చుట ఇందువలననే.

3. తెరయొక్క కొలతలు

భారతదేశమునందు, ఐరోపాలోని పెక్కు దేశములందు వాడిన పాల్ పద్ధతిలో ఒక చిత్రమునకు 625 రేఖలు. ఒక్కొక్క రేఖను గీయుటకు పట్టుకాలము 64 మైక్రో సెకనులు. అందు కంటికి కనబడు భాగము సుమారు 52 మైక్రో సెకనులు. మన దేశమున వాడిన బి తరగతి ప్రసారమున చిత్రసంకేతమునకు 5 మెగాహెర్ట్జుల వెడల్పు మాత్రమే కేటాయింపబడినది. ఈ రెండు సంఖ్యలనుండి తెరయొక్క శక్తిని లెక్కింపవచ్చును. 5 మెగాహెర్ట్జులనగా మైక్రో సెకనునకు 5 కంపనములు. ఒక కంపనము ఒక తెల్లచుక్కను, ఒక నల్లచుక్కను చూపగలదు. కావున 52 మైక్రో సెకనులలో 260 కంపనములు, అనగా అడ్డముగా 520 చుక్కలు. ఇంతకు మించిన సూక్ష్మతను ఆకాశతంత్రి ద్వారమునుండి ఆశింపరాదు.

అంతేకాదు. నాటి పెట్టెలు చిత్రపు అంచులను చట్రము వెనుకకు కొంత జరిపి చూపెడివి. అంచులందు అక్షరము ఉన్నచో అది మఱుగుపడును. కావున కంప్యూటరు నిర్మాతలు నాలుగు ప్రక్కలను ఖాళీ అంచు విడిచి, నడిమి భాగమునందే అక్షరములను నిలిపిరి. స్పెక్ట్రమ్ యంత్రము 256 చుక్కల వెడల్పు, 192 చుక్కల ఎత్తు గల నడిమి ఫలకమును మాత్రమే వాడినది. అది సెకనునకు 70 లక్షల చుక్కల వేగముతో గీయును; అనగా 3.5 మెగాహెర్ట్జుల కంపనము. ఇది 5 మెగాహెర్ట్జుల హద్దులోనిదే. బీ.బీ.సీ. మైక్రోయందు 640 చుక్కల వెడల్పు గల పద్ధతి యొకటి కలదు. ఆ చుక్కలను అది 40 మైక్రో సెకనులలో గీయును; అనగా 8 మెగాహెర్ట్జుల కంపనము. ఇది సాధారణ టెలివిజను ద్వారమునుండి స్పష్టముగా రాజాలదు. దానికి ప్రత్యేకమైన మానిటరు కావలెను. పంక్తికి 80 రోమను అక్షరములు గృహ టెలివిజనుపై మసకబారుటకు హేతువు ఇదియే.

4. అక్షరముయొక్క కొలతలు

నాటి యంత్రములలో అక్షరమునకు కేటాయించిన గడి 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గలది. స్పెక్ట్రమ్ నందు 96 రోమను అక్షరముల ఆకృతులకు పట్టిన స్మృతి 768 బైట్లు మాత్రమే. ఈ గడిలో తెలుగు ఇముడునా అని పరిశీలింతము.

పరీక్షకు 'అర్థము', 'అర్ధము' అను రెండు పదములను గ్రహింతము. మొదటిది భావమును, రెండవది సగమును తెలుపును. ఈ రెంటికి లిపిలోని భేదము రేఫక్రింది వత్తునడుమ గల ఒక్క చుక్క. ఆ చుక్క పోయినచో అర్థము అర్ధమగును. కావున ఈ చుక్క కనబడుట కనీస నియమము.

వత్తుగానున్న థకారపు గుండ్రములో నడిమి చుక్క కనబడవలెనన్నచో, చుక్కకు పైన ఒకటి, క్రింద ఒకటి ఖాళీ యుండవలెను. వానికి ఆవల గుండ్రపు గీతలు రెండు. అనగా ఎత్తు 5 చుక్కలు. అడుగున మహాప్రాణ చిహ్నమునకు 1. వత్తునకు, పై అక్షరమునకు నడుమ ఖాళీ 1. పైనున్న రేఫపు గుండ్రము 4. తలకట్టు 2. మొత్తము 13. తలకట్టు స్థానమున గుడి వచ్చినచో 14. క్రింది పంక్తితో తగులకుండుటకు 2 చుక్కల ఎడము విడిచినచో 16. ఇది అందమైన అక్షరమునకు కాదు, గుర్తింపదగిన అక్షరమునకు మాత్రమే చాలు కొలత. వెడల్పుకూడ సగటున అంతే గ్రహింపవచ్చును. 'స్వాతంత్ర్యము'లోని త్ర్యకారమువంటివి ఇంకను వెడల్పు కోరును.

కావున తెలుగు అక్షరమునకు 256 చుక్కలు, రోమను అక్షరమునకు 64 చుక్కలు కావలెను. పైకి చూచిన ఇది నాలుగు రెట్ల వ్యయము. కాని ఈ పోలిక న్యాయమైనది కాదు. తెలుగున ఒక అక్షరము ఒక పూర్ణధ్వనిసముదాయము. 'అర్థము' తెలుగున 3 అక్షరములు, 768 చుక్కలు. రోమను లిప్యంతరీకరణమున 7 అక్షరములు, 448 చుక్కలు. నిజమైన నిష్పత్తి రెట్టింపునకు లోపే యున్నది. 'స్త్రీ' వంటి సంయుక్తములలో ఈ భేదము ఇంకను తగ్గును.

ఈ కొలతప్రకారము స్పెక్ట్రమ్ తెరపై పంక్తికి 16 తెలుగు అక్షరములు, మొత్తము 12 పంక్తులు పట్టును. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, చంపకమాలకు 21, శార్దూలమునకు 19, మత్తేభమునకు 20. అనగా ఈ వృత్తములలో ఏ ఒక్కదాని పాదమైనను ఆ తెరపై ఒక పంక్తిలో ఇముడదు.

5. గడి, సంకేతము, ఆకృతి

చుక్కల సంఖ్య చాలకపోవుటకంటె గూఢమైన ఇబ్బంది మఱియొకటి కలదు. నాటి యంత్రము సంకేతమును, ఆకృతిని, తెరపై గడిని ఒకటిగా భావించినది. ఒక మీట నొక్కినచో ఒక సంకేతము. ఒక సంకేతమునకు ఒక ఆకృతి. ఒక ఆకృతికి ఒక గడి. రోమను లిపికి ఇది సరిపోయినది. స్పెక్ట్రమ్ యంత్రము వాడుకరి స్వయముగా గీసికొనుటకు 21 గడులను విడిచినది. తెలుగు అక్షరమునకు నాలుగు గడులు కావలెను గనుక అందు 5 అక్షరములకు మాత్రమే చోటు. గడులను విడిచి తెరపై చుక్కలను నేరుగా గీయవచ్చును. అయినను, 35 హల్లులకు 12 గుణింత రూపముల వంతున 420, వత్తులు 35, అచ్చులు, అంకెలు మొదలగునవి కలిపి సుమారు 500 ఆకృతులు నిలుపవలెనన్నచో, ఒక్కొక్కదానికి 32 బైట్ల వంతున 16,000 బైట్లు కావలెను. 48 కిలోబైట్ల యంత్రమున ఇది మూడవ వంతు.

ఈ ముడి విడిపోయినది భారతదేశముననే యని చెప్పుటకు ఆధారములు కలవు. కాన్పూరులోని ఐ.ఐ.టి. యందు 1983 నాటికే దేవనాగరికి సమగ్రమైన కంప్యూటరు రూపొందినది. 1986లో ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరిక ఏర్పడినది. ఆ కృషియే పుణెలోని సీ-డాక్ సంస్థయందు జిస్ట్ కార్డుగా పరిణమించినది. ఇది కంప్యూటరులోపల అమర్చు పలక. భారతీయ లిపుల ఆకృతులను తనయందే నిలుపుకొని తెరపై చూపును. ఇందలి ముఖ్యసూత్రమేమనగా, స్మృతిలో నిలుచునది వర్ణక్రమము; తెరపై కనబడునది ఆకృతి; ఈ రెంటిని కలుపునది నియమావళి. ఈ సూత్రమే 1991లో భారత ప్రమాణమైన ఇస్కీయందును, అదే సంవత్సరమున వెలువడిన యూనికోడు తొలి సంపుటియందును స్థిరపడినది. నేడు 'స్త్రీ' అను అక్షరము స్మృతిలో సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకార చిహ్నము అను ఆఱు సంకేతములు. మన వైయాకరణులు సంయుక్తాక్షరమును విశ్లేషించు క్రమము ఇదియే. యంత్రము ఇచట వ్యాకరణమును అనుసరించినది.

6. రంగు, మినుకు

టెలివిజను తెరకు ప్రత్యేకమైన రెండు దోషములను లిపిదృష్టితో గమనింపవలెను. మొదటిది రంగు. పాల్ పద్ధతిలో రంగునకు లభించు వెడల్పు సుమారు 1.3 మెగాహెర్ట్జులు మాత్రమే. అనగా రేఖకు ఇంచుమించు 135 రంగుచుక్కలు. వెలుగు భేదముతో వ్రాసిన అక్షరము స్పష్టముగాను, రంగు భేదముతో మాత్రమే వ్రాసినది మసకగాను కనబడును. ఎఱ్ఱని నేలపై నీలపు అక్షరము చదువరానిదగుటకు ఇది ముఖ్యకారణము.

రెండవది మినుకు. ప్రసారపు చిత్రమున 625 రేఖలు ఒక్కసారి గీయబడవు. సరిరేఖలు ఒకమారు, బేసిరేఖలు ఒకమారు, సెకనునకు 50 పర్యాయములు మార్చి మార్చి గీయబడును. ఒకే రేఖపై నిలుచు సన్నని అడ్డగీత సెకనునకు 25 మారులే వెలుగుటచే మినుకుమినుకు మనును. దేవనాగరిలోని శిరోరేఖ, వంగలిపిలోని మాత్ర ఇట్టి అడ్డగీతలే. తెలుగు, కన్నడ, ఒడియా లిపులు వంపుగీతలతో కూడినవగుటచే ఒక్క రేఖపై ఆధారపడవు. తాటాకునకై ఏర్పడినదని పలువురు చెప్పు గుండ్రదనము గాజు తెరపైకూడ ఇట్లు కొంత మేలుచేసినది. గృహ కంప్యూటరులు ఈ మినుకును తప్పించుటకై రేఖల సగమునే వాడి, ప్రతిమారు ఆ రేఖలనే గీసినవి. మినుకు తగ్గినది, నిలువు సూక్ష్మత సగమైనది. 192, 256 అను సంఖ్యలు అందువలన వచ్చినవే.

7. నేటి సంధానము

1987లో వీ.జీ.ఏ. పద్ధతి 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు గల తెరను తెచ్చినది. అందు రోమను అక్షరపు గడికే 16 చుక్కల ఎత్తు లభించినది. 2002 డిసెంబరులో హెచ్.డీ.ఎమ్.ఐ. ప్రమాణము ప్రకటింపబడినది. నేటి టెలివిజను ఫలకమునకు సామాన్యముగా 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు. సంకేతము తరంగముపై ఎక్కదు, సంఖ్యారూపముననే చేరును.

అయినను పూర్వాచారములు పూర్తిగా తొలగలేదు. చిత్రపు అంచులను కత్తిరించు అలవాటు నేటి పెట్టెలలో పెక్కింటియందు అమరికగా నిలిచియున్నది. ప్రక్కకు 2.5 శాతము కత్తిరించినచో క్రిందిభాగమున 27 వరుసలు పోవును. రోమను పంక్తికి అడుగున పోవునది కొద్దిపాటి తోకలే. తెలుగు పంక్తికి పోవునది వత్తు. కడపటి పంక్తిలో 'అన్నము' 'అనము'గా కనబడుట ఇట్టి స్థితిలో సంభవము. పెట్టెయొక్క చిత్రపు అమరికలలో చిత్రమును కత్తిరింపక చుక్కకు చుక్కగా చూపు పద్ధతిని ఎన్నుకొనవలెను. ఆ ద్వారమునకు కంప్యూటరు అని పేరు నిర్ణయించినచో అనేక పెట్టెలు రంగు సూక్ష్మతను తగ్గింపక చూపును. అంచులను పదునుచేయు అమరికను కనీసమునకు దింపవలెను. లేనిచో థకారపు నడిమి చుక్కచుట్టు తెల్లని నీడ ఏర్పడి గుండ్రముతో కలసిపోవును. ఈ అమరికలన్నియు సరియో కాదో తెలియుటకు 'అర్థము, అర్ధము' అను పదములను తెర నాలుగు మూలలందు వ్రాసి చూచుట సులభమైన పరీక్ష.

8. తరగతి గదియందు

ఇక కంటి హద్దు. సామాన్యమైన చూపు ఒక కలనకు, అనగా డిగ్రీలో అఱువదవ వంతునకు, తక్కువైన భేదమును గుర్తింపజాలదు. 6 మీటర్ల దూరమున అది ఇంచుమించు 1.75 మిల్లీమీటర్లు. 43 అంగుళముల తెరలో ఒక చుక్క సుమారు 0.5 మిల్లీమీటరు. కావున కడపటి బల్లపైనున్న విద్యార్థికి మన లెక్కలోని ఒక్కొక్క అంశము 4 తెరచుక్కలై యుండవలెను. 16 అంశముల అక్షరమునకు 64 చుక్కలు. ఇది గుర్తింపునకు కనీసము. శ్రమలేని పఠనమునకు రెట్టింపు గ్రహించినచో 128. అప్పుడు తెరపై పట్టునవి 8 పంక్తులు, పంక్తికి 15 అక్షరములు.

ఈ ఫలితము ఆలోచింపదగినది. స్పెక్ట్రమ్ ఫలకమున 49,152 చుక్కలు. నేటి తెరయందు 20,73,600. చుక్కలు 42 రెట్లు పెరిగినవి. కాని కడపటి బల్లకు సుఖముగా అందు అక్షరముల సంఖ్య పెరుగలేదు. తెరయొక్క హద్దు తొలగినపిదప కంటియొక్క హద్దు ఎదుట నిలిచినది. ముద్రిత పుటను యథాతథముగా తెరపై నిలిపి పాఠము చెప్పుట నిష్ప్రయోజనమగుట ఇందువలననే.

ఈ హద్దు పద్యబోధకు ప్రతికూలము కాదు. ఉత్పలమాలకు యతిస్థానము 10వ అక్షరము, చంపకమాలకు 11, శార్దూలమునకు 13, మత్తేభమునకు 14. పాదమును యతిస్థానమునకు ముందు విఱిచినచో 9, 11, 10, 11, 12, 7, 13, 7 అక్షరముల ఖండములు వచ్చును. ఏ ఖండమును 15ను దాటదు. నాలుగు పాదములకు 8 ఖండములు. కావున ఒక తెరకు ఒక వృత్తపద్యము సరిగా పట్టును. ప్రతి రెండవ పంక్తియు యత్యక్షరముతో ఆరంభమగుటచే యతిమైత్రి కంటికే తెలియును. పదము నడుమ విఱుగుట సంభవమే. అట్టిచోట పదచ్ఛేదమును నోటితో చెప్పవలసియుండును.

9. ఉపసంహారము

పై పరిశీలనవలన తేలునది ఇది. 8 చుక్కల గడియందు తెలుగు ఇముడకపోవుట గడియొక్క లోపము. ఆ గడి రోమను లిపికి కొలిచి కుట్టిన చొక్కా. అది మఱియొకని ఒంటికి పట్టకున్నచో ఒంటిని కోయుట తగదు. లిపిని మార్పకయే, ఇరువది సంవత్సరములు గడవకముందే, ఆ లోపము తీరినది. ఆనాడు వత్తులను విసర్జించియున్నచో నేడు ఆ త్యాగమునకు కారణమే మిగిలియుండదు. పూర్వ వాఙ్మయము మాత్రము క్రొత్తతరమునకు చదువరానిదై యుండెడిది.

అయినను థకార ధకారముల భేదము ఒక్క చుక్కపై నిలుచుట యథార్థము. అది కంటికి సంబంధించిన విషయము గనుక యంత్రము ఎంత పెరిగినను తీరదు. అక్షరరూప నిర్మాతలు ఆ చుక్కకు చోటు పెంచవలెను. ఉపాధ్యాయులు అక్షరపు పరిమాణమును పెంచవలెను. లిపిసంస్కరణమును గుఱించి ఇకముందు ప్రతిపాదించువారు తాము చూపు కష్టము తెరదా, కంటిదా అని ముందుగా నిర్ణయింపవలెను. మొదటిదైనచో కొంతకాలము వేచియుండుట మేలు. రెండవదైనచో అది నిజముగా చర్చింపదగినది.